పక్క పడవ కేక

రైలు వంతెన కట్టాక కూడా రాజమండ్రి రేవులో పడవలకు కరువేమీ రాలేదు. మొన్న కొత్తిమీర కోసం బజారుకు బయలుదేరాను. కొత్తిమీర సంగతి మరిచిపోయి, రేవు మెట్ల మీద నిలబడి గోదావరిని చూస్తున్నాను. ఈ రెండు పనులూ నేను ఎప్పుడూ కలిపే చేస్తాను. లంకవైపు సాగిపోతున్న ఒక పడవను చూసి, చేపల గంప పక్కన నిలబడ్డ ఒక ముసలామె నోటికి రెండు పక్కలా చేతులు అడ్డం పెట్టుకుని ఒకే ఒక్క మాట కేకేసింది. "రా!" అంతే. పడవ వెనక్కి తిరిగింది. నేను మాత్రం ఇంటికి తిరగలేక అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. ఆ కేక నాకు తెలుసు. అచ్చం అలాగే దేవుణ్ణి కేకేసి పిలిచే మనిషి ఒకావిడ ఉండేది. పోయి చాలా ఏళ్ళయింది.

నరసాపురానికి దిగువన, గోదావరి సముద్రంలో కలిసే మొగకు దగ్గరగా ఒక పల్లెలో మా ఆయన మిషను బడి పంతులు. పెళ్ళయిన కొత్తలో నేను కాపురానికి వెళ్ళింది అక్కడికే. వారమంతా బడిగా ఉండే తాటాకు పాకే ఆదివారం మాకు ప్రార్థన మందిరం. ఆవిడ ఆ పాకలో అందరికన్నా వెనక, గుమ్మం పక్కన కూచునేది. పేరు రాయను. రాస్తే అక్కణ్ణుంచి కూడా కేకేసి తిట్టగలదు. చేపలు పట్టే ఇంట పుట్టి, చేపలు పట్టే ఇంటికే కోడలై, విధవరాలయ్యాక కొన్నాళ్ళకు మా సంఘంలో కలిసింది. ఊరంతా అత్తా అని పిలిచేవారు. నేనూ అలాగే పిలిచేదాన్ని. నాకు అత్తగారు లేని లోటును దేవుడు అలా తీర్చాడు. కాస్త గట్టిగానే తీర్చాడు.

ప్రార్థన చేసేటప్పుడు ఆవిడ ఒక కన్నే మూసుకునేది. రెండో కన్ను గుమ్మం అవతల ఎండేసిన చేపల మీద ఉండేది. మధ్యలో హుష్ అని కాకిని తోలి, వదిలేసిన చోటినుంచి మళ్ళీ దేవుడితో మాట్లాడేది. ఒకసారి మా ఆయన మెత్తగా మందలించారు.

"అత్తా, ప్రార్థనప్పుడు రెండు కళ్ళూ మూసుకోవాలి."

"మూసుకుందునండి పంతులుగారూ. కాకులు కూడా మూసుకుంటే బాగుండు."



నేను రాజమండ్రిలో బోర్డింగు బడిలో ప్రార్థన నేర్చుకున్నదాన్ని. సర్వోన్నతుడవును, సర్వశక్తిమంతుడవును, సర్వవ్యాపివియునైన అని మొదలుపెడితే, అడగవలసింది అడిగేసరికి ఏమడగాలో మరిచిపోయేదాన్ని. మా ఆయన ప్రార్థన ఇంకో రకం. అది కాలవ లాంటిది. ధవళేశ్వరంలో వదిలితే ప్రతి లాకు తలుపు దగ్గరా ఆగి ఆగి నరసాపురం చేరేది. చేరేసరికి సగంమంది నిద్రలో మునిగి ఉండేవారు. అత్త ప్రార్థనకు మొదలూ లేదు, మధ్యా లేదు. "అయ్యా, రా!" అనేది. అదే ఆమెన్ కూడా.

ఒకరోజు మా పెరట్లో నేను ప్రార్థన చేస్తుంటే విని, ముగిసేదాకా ఓపిక పట్టి అడిగింది.

"ఏంటి కోడలుపిల్లా, ఆయన పేర్లన్నీ ఆయనకే చెబుతున్నావు? ఆయనకి తెలీదా ఏంటి?"

"గౌరవం కోసం అత్తా."

"గౌరవం మంచిదేలే. మా వాళ్ళు నీళ్ళ మీద కేకేత్తారు చూడు, పొడుగు మాట గాలికి నిలవదు. సగంలో తెగిపోద్ది. ఒక్క మాటయితే అవతలికి చేరద్ది. నాకు అదే అలవాటు."

గాలం వేసే ఇంటి పిల్ల గదా, గళం కూడా అలాగే విసిరేది. తగిలేదాకా వదిలేది కాదు.

కోపం ఆవిడకు జబ్బులా ఉండేది. ఆ సంగతి ఆవిడే అందరికీ చెప్పేది, ఇంకొకరు తలనొప్పి గురించి చెప్పినట్టు. రేవులో చేపలు అమ్ముతుంటే ఒక పెద్దింటి వంటమనిషి వచ్చి చేప మొప్పలు విప్పి చూసి, "ఇది నిన్నటిది కాదూ?" అన్నాడు. అత్త ముఖం ఎర్రబడింది. చటుక్కున అతనికి వీపు తిప్పి, కొంగు నెత్తి మీదికి లాక్కుని, ఏటి వైపు చూస్తూ అరిచింది.

"అయ్యా, కెరటం వత్తంది! రా!"

ఆ వంటమనిషి చేపను అక్కడే వదిలేసి, "ఈవిడకి పూనకం వచ్చిందండోయ్!" అంటూ గట్టెక్కాడు. అత్త నెమ్మదించి ఇటు తిరిగేసరికి బేరం పోయింది, తిట్టూ పోయింది. "పోతే పోనీ" అంది. "బేరం రేపొత్తాది. తిడితే మాత్రం తిరిగి రాదు."

ప్రతిసారీ అలా జరిగేదని చెప్పను. ఒక్కోసారి కేకేసి కూడా ఎదుటివాణ్ణి తాతతండ్రులతో సహా కడిగేసేది. తర్వాత నా దగ్గరికి వచ్చి దిగులుగా కూచునేది.

"ఇయ్యాళ ఆయన రావడం ఆలీసమైంది."

"ఆయన ఆలస్యం చెయ్యడత్తా."

"అయితే నేనే ముందు నోరు తెరిచుంటాను" అనేది.

ఇంత కోపంలోనూ ఆవిడను నిజంగా తొలిచేసింది మాత్రం చేపల బేరాల్లో వచ్చే కోపం కాదు. అది ఒక గిన్నె దగ్గర బయటపడేది.

మా సంఘంలో ప్రతి ఆదివారం ప్రభువు జ్ఞాపకంగా రొట్టె విరవడం ఆచారం. రొట్టె ముక్కలు మా ఆయనే అందరికీ పంచేవారు. ఆ తర్వాత ద్రాక్షరసం గిన్నె ఒకరి చేతినుంచి ఒకరి చేతికి వెళ్ళేది. ఎండుద్రాక్ష నానబెట్టి రసం తీసే పని నాది. కొన్ని ఆదివారాలు అది రసం కన్నా విరసంగా ఉండేదని ఒప్పుకుంటాను. అన్నదమ్ములే ఒకరి ఎంగిలి ఒకరు తాగని మన దేశంలో, తలో పేటనుంచీ వచ్చినవాళ్ళం ఒకే గిన్నెకు పెదవి ఆనించడం చిన్న విషయం కాదు. మొదట్లో నేను ఎవరి పెదవీ తగలని మూల కోసం గిన్నెను తిప్పి తిప్పి చూసేదాన్ని. గుండ్రటి గిన్నెకు మూల ఉండదని తెలియడానికి నాకు చాలా ఆదివారాలు పట్టింది.

గిన్నె మగవాళ్ళ వరసల్లో ముందునుంచి వెనక్కి వెళ్ళి, అక్కడ చివర కూచున్న మనిషి చేతినుంచి ఆడవాళ్ళ చివరి వరసలోకి వచ్చేది. ఆడవాళ్ళలో చివర కూచునేది అత్త. ఆవిడ పక్కన నేను. మగవాళ్ళలో చివర కూచునేది అత్త మరిది.

అతను ఆవిడ తర్వాత రెండేళ్ళకు మా సంఘంలోకి వచ్చాడు. వచ్చిన మొదటి ఆదివారం తల వంచుకుని గుమ్మంలో నిలబడితే అత్త పాక కప్పు వైపు చూసి పైకే అనేసింది. "అయ్యా! ఇదేంటి, వీణ్ణి కూడా పిలిచావా?" అతను వెళ్ళి మగవాళ్ళ చాప చివర, అందరికన్నా వెనక కూచున్నాడు. ఇద్దరూ తమంతట తామే తగ్గి కూచున్నారు. అందుకే ఇద్దరూ దగ్గరయ్యారు. మధ్యలో మూరెడు నేల తప్ప ఏమీ లేదు.

ఆ మూరెడు దూరం ఎప్పటిదంటే, అత్త భర్త పోయినప్పటిది. అన్నదమ్ములిద్దరూ ఒక పడవలో సముద్రానికి వెళ్ళి తిరిగొస్తుంటే మొగ దగ్గర పడవ తిరగబడింది. తమ్ముడు తెడ్డు పట్టుకుని ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. అన్న రాలేదు. ఆ దగ్గర్లోనే వేరే పడవలున్నాయి. వాళ్ళెవరికీ కేక వినబడలేదట. వినబడి ఉంటే వెళ్ళేవాళ్ళమన్నారు. ఇసక మీద పడి ఉన్న మరిది దగ్గరికి వెళ్ళి అత్త అడిగిందట. "తెడ్డు ఎత్తుకొచ్చావు. గొంతు ఎత్తలేకపోయావా?" అతను జవాబు చెప్పలేదు. "ఈ కట్టెలో ఊపిరున్నంత కాలం నీ చేతి నీళ్ళు ముట్టను" అని అందరి ముందూ ఒట్టు పెట్టుకుంది. ఆనాటినుంచి అతను మాట్లాడటమే తగ్గించేశాడని, ఇంట్లో కూడా సైగలతోనే గడుపుతాడని వాళ్ళ పేటవాళ్ళు చెప్పేవారు.

గిన్నె అతని చేతికి వచ్చేది. అతను తాగి అత్త వైపు చాచేవాడు. అత్త కళ్ళు రెండూ మూసుకునేది. ఆ వేళ కాకుల్ని కూడా పట్టించుకునేది కాదు. "అయ్యా, రా! చెయ్యి రావట్లేదు. చూడు, రావట్లేదు" అనేది, పాక అంతా వినబడేలా. చేతులు ఒళ్ళోనే ఉండిపోయేవి. చివరికి తల అడ్డంగా ఊపేది. మరిది ఆవిడ ముందునుంచి చెయ్యి చాచి గిన్నె నాకు ఇచ్చేవాడు. నేను తల వంచుకుని తాగేదాన్ని.

ఇలా నెలల తరబడి సాగింది. మా ఆయనకు ఇది కుదురు లేకుండా చేసింది. ఒక సాయంత్రం ఆవిణ్ణి ఇంటికి పిలిపించి ఉపాయం చెప్పారు.

"అత్తా, నువ్వు ముందు వరసలోకి వచ్చెయ్యి. గిన్నె నీకు మా ఆవిడ చేతినుంచి వస్తుంది. గొడవ వదిలిపోతుంది."

"చోటు మారితే చెయ్యి మారుద్దండి. మనసు మారుద్దాండి?"

"పోనీ, క్షమించానని నోటితో ఒక్కసారి అనెయ్యి. మనసు మెల్లగా దారికొస్తుంది."

"నా నోటికేం, ఏదైనా అంటాది. ఆయన ముందు కూకుని అబద్ధమాడమంటారా పంతులుగారూ?"

"పోనీ..." అన్నారు మా ఆయన. ఆయన దగ్గర మూడో పోనీ లేదు. పోనీలే అని ఊరుకున్నారు.

నేను గుమ్మందాకా సాగనంపాను. అప్పుడు అంది, గొంతు తగ్గించి. ఆవిడ గొంతు తగ్గించడం నేను వినడం అదే మొదలు.

"వాడి తప్పు లేదని నాకూ తెలుసు కోడలుపిల్లా. మొగలో కెరటం మీద పడితే ఎవడికి గొంతుంటాది? తెలుసు. తెలిసినా చెయ్యి లేవదు. లేపే బలం నా దగ్గరుంటే ఆయన్నెందుకు పిలుత్తాను, నేనే లేపుకుందును. ఆ గిన్నె తాక్కుండానే పోతానేమోనని నా భయం."

ఆ మరుసటి వర్షాకాలంలో మా మొదటి బిడ్డ జ్వరం తగిలి పోయింది. దాని గురించి ఇంతకన్నా రాయలేను. సంఘంలో ఆడవాళ్ళు వచ్చి వాక్యాలు చదివారు. మంచివాళ్ళు, మంచి వాక్యాలు. అవి నా చెవిదాకా వచ్చి ఆగిపోయాయి. మా ఆయన పొడుగాటి ప్రార్థన ఎండాకాలం కాలవలా అడుగంటిపోయింది. నాకైతే నోరే తెరుచుకోలేదు. సర్వోన్నతుడవైన అనబోతే కూడా ఏడుపు రాక, మాటా రాక, ఊరికే గోడవైపు చూస్తుండేదాన్ని. ఇక నేను ప్రార్థన చేసే మనిషిని కానని ఒకరోజు నిశ్చయంగా అనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే అత్త వచ్చింది. గంప బయట దించి, గడప మీద కూచుంది.

"ఆయన్ని పిలిచావా?"

"నోరు రావట్లేదత్తా."

మందలిస్తుందనుకున్నాను. "రాకపోతే మానెయ్" అంది.

నేను ఆవిడ వైపు చూశాను.

"ఉప్పునీళ్ళు మింగినోడు కేకెయ్యలేడమ్మా. అది తప్పు కాదు. పడవ తిరగబడితే ఆడి తరపున పక్క పడవోడు కేకేత్తాడు. ఆడి పేరు పెట్టి, నలుగురికీ వినబడేలా. అది మా వాళ్ళ ఆచారం. పక్కనున్నోడు కేకెయ్యాలి..."

అక్కడ ఆవిడ ఆగిపోయింది. ఏమనుకుందో నేను అడగలేదు. మరిది పేరు ఆవిడా ఎత్తలేదు. కాసేపు ఏటి వైపు చూసి, కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. మా వాకిట్లో నిలబడి నోటికి చేతులు అడ్డం పెట్టుకుంది.

"అయ్యా! పంతులుగారింటికి రా!"

ఆ రోజునుంచి చేపలకు వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి మా కంచె దగ్గర ఆగి అలా కేకేసేది. నేను బయటికి రాకపోయినా సరే, లోపల ఉన్నానా లేనా అని చూడకుండానే సరే. ఎదురింటాయన నాలుగో రోజో అయిదో రోజో మా ఆయన్ని ఆపి, "మీ ఇంటికి ఎవరో పెద్దాయన రావాలటండీ, ఇంకా రాలేదా?" అని ఆదుర్దాగా అడిగారు. మా ఆయన, "దారిలో ఉన్నారండీ" అన్నారు. ఆ మాట నాకు చెప్పి తానే నవ్వబోయి ఏడ్చేశారు. అదే మేమిద్దరం కలిసి ఏడ్చిన మొదటిసారి.

ఒక ఉదయం నేను బియ్యం ఏరుతుంటే కంచె దగ్గర కేక వినబడింది. "అయ్యా! పంతులుగారింటికి రా!" నా చేతులు చేటలోనే ఆగాయి. "రా" అన్నాను. నాకే వినబడీ వినబడనట్టు అన్నాను. సర్వోన్నతుడు, సర్వశక్తిమంతుడు ఏదీ లేదు. అంతకుముందు నేను చేసిన ప్రార్థనలన్నీ కలిపినా ఆ ఒక్క అక్షరమంత పొడుగు లేవు. ఈనాటికీ నేను ప్రార్థన చేయగలుగుతున్నానంటే అది ఆ కంచె అవతలి మనిషి పెట్టిన భిక్ష. ఆ మాట ఆవిడతో అంటే, "నేనేం పెట్టానమ్మా, ఊరికే అరిచాను. వచ్చింది ఆయన" అంది.

ఆ ఏడు వానలు వెనకబట్టాక అత్త జ్వరం పడింది. లేచేసరికి సగమైంది. గొంతు పూర్తిగా పోయింది. పిల్లి అడుగంత చప్పుడు కూడా రాలేదు. ఊరికి ఊరే బోసిపోయినట్టనిపించింది. ఆదివారం కర్ర పట్టుకుని పాకకు వచ్చి, ఎప్పటి చోటే కూచుంది. కాకులు ఆ రోజు హాయిగా ఉన్నాయి.

గిన్నె వరసలన్నీ దాటి మరిది చేతికి వచ్చింది. అతను తాగి, ఆవిడ వైపు చాచాడు. అత్త కళ్ళు మూసుకుని నోరు తెరిచింది. పెదాలు కదిలాయి. శబ్దం లేదు. మళ్ళీ తెరిచింది. మెడ నరాలు పైకి తేలాయి గాని గాలి తప్ప ఏమీ రాలేదు. ఆవిడ చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. కళ్ళు తెరిచి చూసింది. అంత భయం ఆవిడ కళ్ళల్లో నేనెన్నడూ చూడలేదు. నేను కేకెయ్యాలి. పక్కన కూచున్నదాన్ని నేనే. నోరు తెరిచాను కూడా. నా బోర్డింగు గొంతు ఇంకా సర్దుకుంటూనే ఉంది.

అతను గిన్నె నా వైపు చాచలేదు. ఆవిడ తెరిచిన నోటివైపే చూస్తున్నాడు. గొంతు పోయిన మనిషి నోరు ఎలా ఉంటుందో ఆ పాకలో అందరికన్నా అతనికే తెలుసు.

"అయ్యా!"

పాక అంతా ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. ఎండిన ఇసక మీద పడవను ఈడ్చినట్టుంది ఆ గొంతు. అది ఎవరిదో అర్థం కావడానికి మాకు ఒక్క క్షణం పట్టింది. ఆ మనిషి గొంతు ఆ పాకలో మేమెవరమూ వినలేదు గదా.

"అయ్యా, రా! మా వదినకి గొంతు పోయింది. చెయ్యి రావట్లేదు. రా!"

అతని చేతిలో గిన్నె ఒక పక్కకి ఒరిగింది. రసం అంచు దాటి అతని వేళ్ళ మీదుగా చాప మీద పడుతోంది. మా ఆయన ముందునుంచి లేవబోయి, మళ్ళీ కూచున్నారు.

అత్త అతని ముఖంలోకి చూసింది. పడవ తిరగబడిన నాటినుంచి ఆ ముఖంలోకి చూసి ఉండదు. ఒళ్ళోంచి ఒక చెయ్యి లేచింది. అది చాలా బరువైనదాన్ని ఎత్తుతున్నట్టు లేచింది. రెండో చెయ్యి దాని వెనకే వచ్చింది. అతను గిన్నె వదల్లేదు. ఆవిడ అతని చేతుల మీదుగానే గిన్నె పట్టుకుని, వంగి తాగింది.

మూతి తుడుచుకుని గిన్నె నాకందించింది. అప్పుడు ఆవిడ పెదాలు మళ్ళీ కదిలాయి. పక్కనున్నాను గనక నాకొక్కదానికే ఆ గుసగుస అందింది.

"ఈ వారానికి అయింది అయ్యా. వచ్చే వారం మళ్ళీ రావాలి."

వచ్చే వారానికి ఆవిడ గొంతు తిరిగి వచ్చింది. గిన్నె మరిది చేతికి చేరింది. అత్త కళ్ళు మూసుకుని పిలవబోయి, ఆగి, ఒక కన్ను తెరిచింది. అతను కూడా ఏదో అనబోయి సిగ్గుపడి నోట్లోనే నమిలేశాడు.

"గట్టిగా పిలవరా" అంది అత్త. "ఆయనకి నీ గొంతు కొత్త."